కాంటా దగ్గర ఆగమన కాలం

మా అమ్మగారి వాళ్లది దేవరకొండ వైపు, మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం. అక్కడ డిసెంబర్ వచ్చిందంటే క్యారల్సే. చలిలో డప్పు కొట్టుకుంటూ ఇంటింటికీ తిరగడం, ఎవరింట్లో చాయ్ ఇస్తే అక్కడ ఇంకో పాట ఎక్కువ పాడటం. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని 'ఆగమన కాలం' అంటారని పెళ్లయ్యాకే విన్నాను. అత్తగారివాళ్లు కతోలికులు. వాళ్ల ఊరు 1976లో ఏర్పడిన నల్లగొండ మేత్రాసనం, అంటే అక్కడి బిషప్ పరిధి, కిందికి వస్తుంది. మొదటి ఏడాది గుడిలో పచ్చటి ఆకుల వలయంలో నాలుగు కొవ్వొత్తులు చూసి, మూడు ఊదావి, ఒక్కటి గులాబీది ఎందుకని అత్తమ్మను అడిగాను. "మూడో ఆదివారం కొంచెం సంతోషపడొచ్చు, అందుకు" అంది. మరి మిగతా మూడు వారాలూ ఏం చెయ్యాలని అడిగితే, "తయారు కావాలె" అని ఊరుకుంది.

తయారవడమంటే మా ఇళ్లలో తెలియనిది కాదు. గోడలకు సున్నం, పిల్లలకు బట్టలు, గరిజెలకు పిండి, ఇంటి మీద నక్షత్రం. కాని గుడిలో లెక్క వేరు. నవంబర్ 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో మొదలయ్యే ఈ కాలంతోనే గుడి క్యాలెండరులో కొత్త సంవత్సరం వస్తుంది. డిసెంబర్ 16 దాకా బాలయేసు ఊసు పెద్దగా ఉండదు. ప్రభువు మళ్లీ వచ్చే రోజు గురించీ, బాప్తిస్మమిచ్చే యోహాను గురించీ చదువుతారు. పుట్టుక సంగతి 17 నుంచి దగ్గర పడుతుంది. దేవదూతల మహిమ గీతాన్ని ఈ ఆదివారాల్లో పాడరు, క్రిస్మస్ రాత్రికి దాచిపెడతారు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలమంత కఠినం కాదు గాని, పండుగను ముందే తినేయకుండా ఆపుకోవడం ఇందులో ఉంది. డిసెంబర్ 1 నుంచే కేకులు కోసే మాలాంటి వాళ్లకు అది కొంచెం కష్టమే.

"అరణ్యములో యెహోవాకు మార్గము సిద్ధపరచుడి" అని యెషయా 40వ అధ్యాయంలో ఉంది. దీనికి ప్రసంగాల్లో ఒక పోలిక చెప్తారు. మంత్రి వస్తున్నాడంటే రాత్రికి రాత్రే గుంతల్లో మొరం పోస్తారు కదా, అట్లా మన హృదయంలో గుంతలు పూడ్చుకోవాలని. పుట్టింట్లో విన్నాను, అత్తింట్లో విన్నాను. ఆ మొరం మొదటి వానకే కొట్టుకుపోతుందని మాత్రం ఎవరూ చెప్పరు.

సువార్త రాసిన లూకా దీన్ని పోలిక దగ్గరే వదిలిపెట్టలేదు. మూడో అధ్యాయం మొదట్లో తిబెరి కైసరుతో మొదలుపెట్టి పిలాతు, హేరోదు, ఫిలిప్పు, లుసానియ, అన్న, కయప అని ఏడుగురు పెద్దమనుషుల పేర్లు వరసగా రాసి, దేవుని వాక్యం మాత్రం వీళ్లెవరి దగ్గరికీ పోలేదన్నట్టు, అడవిలో ఉన్న యోహాను దగ్గరికి వచ్చిందంటాడు. జనం అతని దగ్గరికి పోయి "మేమేమి చేయవలెను?" అని అడిగారు. రెండు అంగీలుంటే ఒకటి లేనివాడికియ్యి, అన్నమున్నవాడూ అట్లాగే చెయ్యి అన్నాడు. సుంకరులు అడిగారు. సుంకం వసూలును గుత్తకు తీసుకుని పైన పడినంత లాగే మనుషులు వాళ్లు. కల్లు గుత్త చూసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. అయినా ఆ పని మానెయ్యమని యోహాను అనలేదు. "మీకు నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దు" అన్నాడు, అంతే. సైనికులకు కూడా వాళ్ల పనిలోంచే జవాబు వచ్చింది. ఏడవమని గాని, బూడిదలో కూర్చోమని గాని ఎవరికీ చెప్పలేదు. మారుమనస్సు ఎక్కడ మొదలవ్వాలో ఎవరి చేతిలో ఉన్న పనిని బట్టి వాళ్లకు చూపించాడు.

2024 డిసెంబర్ 15న, మూడో ఆదివారం పూజలో ఈ భాగమే చదివారు. అంతకు రెండు రోజుల ముందే నేను పాపసంకీర్తనం చేసుకున్నాను, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకున్నాను. పిల్లల మీద కోపం, రాత్రి ప్రార్థన ఎగ్గొట్టడం, తోటికోడలి మీద ఈర్ష్య, ఏటా చెప్పే చిట్టానే. చెప్పి తేలికపడ్డాను. ఇప్పుడు ఆ "ఎక్కువ తీసికొనవద్దు" అన్న మాట చెవిన పడగానే మా కొట్టంలో వేలాడే కాంటా కళ్ల ముందుకొచ్చింది.

మాకు నాలుగెకరాల పత్తి. ఏరడానికి మా వాడలోని ఆరుగురు ఆడవాళ్లు వస్తారు, ఆ ఏడాది కిలోకు 12 రూపాయలు. సాయంత్రం చీరగుడ్డల్లో మూటలు కట్టి తెస్తే ఒక్కొక్కటి కొక్కేనికి తగిలించి ముల్లు చూసి నోట్‌బుక్కులో రాసేది నేనే. మూటకు కిలో తరుగు తీసేదాన్ని. గుడ్డ బరువని, మంచు తడని. మా అత్తమ్మ తీసింది, నేనూ తీశాను. మేం అమ్మేచోట మాకూ తేమ పేరు చెప్పి కోస్తారు. పైనుంచి వచ్చిన కోతను కిందికి తోసేయడం నాకు పాపంలా ఎప్పుడూ అనిపించలేదు. అది లెక్క. అందుకే సంకీర్తనంలో నోటికి రాలేదు.

ఆ రాత్రి ఒక ఖాళీ గుడ్డను కాంటాకు వేశాను. 400 గ్రాములు. అంటే మూటకు 600 గ్రాములు ఊరికే తీసుకుంటున్నాను. రోజుకు మనిషికి ఏడు రూపాయల ఇరవై పైసలు. ఆ విడతలో 11 రోజులు ఏరారు, 79 రూపాయల 20 పైసలు. ఇంతేనా అనిపించింది ముందు. తర్వాత గుర్తొచ్చింది, ఇంటి మీద వెలుగుతున్న నక్షత్రాన్ని గడియారం సెంటర్ దగ్గర 350 పెట్టి కొన్నాను. ఆరుగురి దగ్గర తీసింది కలిపితే ఆ నక్షత్రం ఖరీదు దాటుతుంది. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అనే సామెతల వాక్యం మా అమ్మ పదేళ్లప్పుడే బట్టీ పట్టించింది. అది అంగడి సేట్ల గురించి అనుకున్నాను ఇన్నాళ్లూ.

లూకా సువార్తలోనే ఇంకో సుంకరి, జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. నాకంత చేయి రాలేదు. లేవీయకాండంలో తీసుకున్నదానికి అయిదో వంతు కలిపి ఇయ్యమని ఉంది. చవగ్గా ఉందని అదే ఎంచుకున్నాను, దాచేదేముంది. 95 రూపాయల నాలుగు పైసలయింది, మనిషికి వంద చేశాను.

సోమవారం పొద్దున్నే చేను గట్టు మీద ఇచ్చాను. సంగతి చెప్పడానికి మాత్రం నోరు ఎండిపోయింది. ఫాదర్ ముందు మోకరించి చెప్పడం దీనికన్నా సులువు. ఇద్దరు ఏమీ అనకుండా కొంగున ముడేసుకున్నారు. ఒకామె పండుగ మామూలేమో అనుకుంది, మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అందరికన్నా పెద్దావిడ, నేను పెద్దమ్మా అని పిలిచే ఆమె, వంద నోటు చేతిలో పట్టుకుని పకపకా నవ్వింది.

"మాకు తెల్వదనుకుంటివా బిడ్డా? నువ్వు కిలో తీస్తవని తెల్సే, పొద్దుగాల మంచుల ఏరిన తడి పత్తి అడుగుకు ఏసుకుంటిమి. లెక్క సూస్తే నేనే నీకియ్యాలె ఏమో."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, తర్వాత వచ్చింది. అత్తమ్మ కాలం నుంచి రెండు వైపులా ఇదే నడుస్తోందన్నమాట.

ఆ రోజు మంచు విడిచి ఎండ ఎక్కాకే చేన్లో దిగారు. ఎవరు చెప్పారో నాకు తెలియదు. సాయంత్రం మూటలొచ్చాక, ముందు పెద్దమ్మ గుడ్డ విప్పించి, ఖాళీదాన్నే కొక్కేనికి తగిలించాను. "నాలుగు వందలు" అన్నాను. ఆమె దగ్గరికొచ్చి, కళ్లు చికిలించి ముల్లు చూసింది.

"నాలుగొందలు లేదు బిడ్డా. మూడొందల తొంబై."