మీటరు చూపని కిలోమీటర్లు

మా బావ బండి ఇంజను నా నోటి వల్ల పోయింది. ఊళ్లో మాత్రం ఆయిల్ వల్ల పోయిందని చెప్పుకుంటారు. ఇంజను విప్పిన మెకానిక్కూ అదే అన్నాడు, "ఫారిన్ ఆయిల్ పోసీసినారు, అదే తినీసింది" అని. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఔననలేదు, కాదనలేదు.

మాది ఉద్దానం. సోంపేట నుంచి సముద్రం వైపు పోతే కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఉంటుంది మా ఊరు. ఇంటికొకరైనా బయటి దేశంలో ఉంటారు, ఎక్కువగా వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు. నేను 2014లో హెల్పర్ వీసా మీద దోహా వెళ్లాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి మా కొబ్బరిచెట్లను పడగొట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఫోన్లో మా బాబు, అంటే మా నాన్న, "సెట్లన్నీ పడిపోనాయిరా" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్లు ఇంటికి రాలేదు. 2020 సెప్టెంబరులో ఖతార్‌లో యజమాని ఎన్‌ఓసీ లేకుండానే ఉద్యోగం మారొచ్చని చట్టం వచ్చింది. మర్నాడు పొద్దున్నే మారిపోలేదు లెండి, కాగితాలకే నెలలు పట్టింది. చివరికి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ గ్యారేజీలో చేరాను. ఆ ప్రాంతాన్ని మేమంతా సనాయా అంటాం.

అక్కడ ఎండాకాలం పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా రూలు. మా షెడ్డుకి పైన రేకులున్నాయి కాబట్టి అది ఆరుబయట కాదని మా మేనేజరు వాదన. రేకుల కింద నిలబడి వేడి ఇంజను సంపు, అంటే అడుగున నూనె నిలిచే తొట్టి, నట్టు విప్పి, మరుగుతున్న నల్ల నూనె చేతిమీద పడకుండా పక్కకి జరగడమే ఆర్నెల్లు నా ఉద్యోగం. ఆ పనికి చదువు అక్కర్లేదనుకున్నాను. చదువంతా ఆ నల్ల నూనెలోనే ఉందని తర్వాత తెలిసింది.

మా ఫోర్‌మాన్ మలయాళీ. చేట్టన్, అంటే అన్న, అని పిలిచేవాళ్లం. ఆయన ఎప్పుడూ డబ్బా చూసి ఆయిల్ మార్చేవాడు కాదు, బండి చేసిన పని చూసి మార్చేవాడు. ఒకే రకం కార్లు, ఒకే ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యూ-30. దూరాలు తిరిగే కారుకి అద్దం మీద మళ్లీ మార్చేది 10,000 కిలోమీటర్లకని స్టిక్కరు వేయించేవాడు. హోటల్ ముందు ఏసీ వేసుకుని గంటలు గంటలు నిలబడే కారుకి 5,000. "చేట్టా, ఆయిల్ ఒకటే కదా?" అంటే, "నీ జీతం ఒకటే, డ్యూటీ ఒకటేనా?" అనేవాడు. ఆయన లెక్కలో ఇంజను నిలబడి తిరిగిన ఒక గంట, రోడ్డు మీద 40 కిలోమీటర్లు నడిచినట్టు. ఇంకొందరు 50 అంటారు. కొలబద్ద మాత్రమే అది, శాస్త్రం కాదు. అయినా ఏ లెక్కా లేకపోవడం కంటే నయం. జనరేటర్లకి కిలోమీటర్లుండవు, 250 గంటలకోసారి ఆయిల్ మారుస్తారు. కారుకి మీటరుంది కాబట్టి గంటలు మర్చిపోతాం.

సింథటిక్ అంటే ఏంటో కూడా అక్కడే తెలిసింది. మామూలు ఆయిల్ అంటే జల్లించని బియ్యం లాంటిది. గింజలూ ఉంటాయి, నూకలూ ఉంటాయి, కాస్త తవుడూ ఉంటుంది. పొయ్యి మీద పెడితే ముందు నూకలు చిమిడిపోతాయి. ఇంజన్లోనూ అంతే. చిన్న అణువులు వేడికి ఆవిరైపోతాయి, బలహీనమైనవి గాలితో కలిసి పాడై బంకగా మారతాయి. సింథటిక్‌లో గింజలన్నీ ఇంచుమించు ఒకే సైజు. అందుకే అంత త్వరగా చిమడదు. సోంపేటలో బజ్జీల బండి మూకుడు చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రోజుల తరబడి అదే నూనె కాచితే చిక్కబడుతుంది, నల్లబడుతుంది, మూకుడు అంచున పసుపుపచ్చ జిగురు పట్టేస్తుంది. పది డిగ్రీలు వేడి పెరిగితే నూనె పాడయ్యే వేగం రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. పిస్టన్ రింగుల దగ్గర 200 డిగ్రీలు దాటే వేడి ఉంటుంది. టర్బో, అంటే ఇంజనులోకి గాలి గట్టిగా ఊదే చక్రం, ఉన్న బండిలో బండి ఆపగానే ఆ చక్రం షాఫ్టు దగ్గర నిలిచిపోయిన నూనె మాడి బొగ్గవుతుంది. సింథటిక్ తన డబ్బులు అక్కడ రాబడుతుంది.

డబ్బా మీద సింథటిక్ అని ఉన్నదంతా ఒకటి కాదని కూడా చేట్టనే చెప్పాడు. చాలావరకు క్రూడాయిల్‌నే హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసి అణువుల ఆకారం మార్చినది, గ్రూప్ 3 అంటారు. దాన్ని సింథటిక్ అనొచ్చా లేదా అని అమెరికాలో రెండు పెద్ద కంపెనీలు పోట్లాడుకుంటే, 1999లో అక్కడి ప్రకటనల తగవులు తీర్చే సంస్థ అనొచ్చని తేల్చింది. గ్రూప్ 4 మాత్రం చిన్న అణువుల్ని అతికించి మొదట్నుంచీ కట్టినది. ఖతార్‌లో ఇంకో రకం ఉంది, గ్యాసుతో చేసినది. రాస్ లఫాన్‌లో పెర్ల్ జీటీఎల్ అనే ప్లాంటు సముద్రం అడుగున దొరికే గ్యాసుని ముందు మైనంగా మార్చి, ఆ మైనాన్ని విరిచి నూనె చేస్తుంది. చూడ్డానికి నీళ్లలా ఉంటుంది. 2011లో అక్కణ్ణుంచి మొదటి సరుకు బయటికొచ్చింది. కడుతున్నప్పుడు అక్కడ యాభై వేల మందికి పైగా పనిచేశారు. మా పెదనాన్న కొడుకు వాళ్లలో ఒకడు, పైపు వెల్డరు. "నాను అతికించిన పైపులోంచి ఏటెల్తాదో అప్పుడు మాకెవుళూ సెప్పలేదు" అంటాడు. వాడికి వీడియో కాల్లో ఆ డబ్బా చూపించాను. "దీనికేనేటి మా ఎముకలు కాల్చుకున్నాం!" అని నవ్వాడు.

ఇన్ని తెలిశాక నోరు ఊరుకుంటుందా? సెలవుకి ఊరొస్తే కిళ్లీకొట్టు దగ్గర నేనే పెద్ద ఇంజినీరుని.

బావకి ఏడు సీట్ల డీజిల్ బండి ఉంది. సెకండ్‌హ్యాండు, టర్బో, ఎనిమిదేళ్ల బండి. ఒకరోజు ఫోన్ చేశాడు. "ఒరే బామ్మర్దీ, ఆయిల్ సర్వీసు దగ్గరికొచ్చింది. ఏటి పొయ్యమంటావు?" నేను సైట్లో ఉన్నాను, చుట్టూ మా ఊరివాళ్లు ఇద్దరున్నారు. వాళ్లు వింటున్నారని కూడా కాస్త గొంతు పెంచాను. "ఫుల్లీ సింథటిక్ పోయించు బావా. పదిహేను వేల వరకూ మూత ముట్టుకోకు."

బండి పుస్తకం చూడమనలేదు. అందులో 15డబ్ల్యూ-40 అని స్పష్టంగా ఉందట. నేను పెట్రోలు కార్ల మధ్య బతుకుతున్నవాణ్ణి, నా నోటికి అలవాటైన 5డబ్ల్యూ-30 చెప్పేశాను. ఆ 5 డబ్ల్యూ అనేది చలిలో నూనె ఎంత పల్చగా కదులుతుందో చెప్పే అంకె, దాని పరీక్ష మైనస్ 30 డిగ్రీల దగ్గర చేస్తారు. సోంపేటలో సంక్రాంతి చలికి ముసలాళ్లు కంబళి కప్పుకుంటారు, అంతే. వెనక అంకె అసలైంది. ఇంజను వేడెక్కాక నూనె పొర ఎంత మందంగా నిలబడుతుందో అది చెబుతుంది. 40 నూనెకి చేసిన పాత, అరిగిన బేరింగులకి నేను 30 పోయించాను. ఎంత ఖరీదైన నూనె అయితే ఏం లాభం?

అదొక్కటే అయితే బండి ఇంకొన్నాళ్లు నడిచేది. ఆ ఏడాది బావకి స్థిరమైన బేరం దొరికింది. పక్క ఊరిలో ఒకాయనకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఇది కొత్త మాట కాదు, ప్రతి ఊరిలోనూ ఉన్న మాటే. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లి తీసుకురావాలి. ఆయన కొడుకు మస్కట్‌లో ఉంటాడు. "మా నాన్న ఎండకి తట్టుకోలేడు, మిషన్ ఖాళీ అయ్యేదాకా బండిలోనే కూర్చోబెట్టు, ఏసీ ఆపొద్దు, డీజిల్ డబ్బులు నేనిస్తాను" అని బావకి చెప్పాడు. తప్పేముంది? ఆ కొడుకు స్థానంలో నేనున్నా అదే చెప్పేవాణ్ణి.

ముందు గంట, అయ్యాక నీరసం తగ్గేదాకా ఇంకో గంట. ట్రిప్పుకి రెండు గంటలు ఇంజను నిలబడి తిరిగేది. వారానికి ఆరు గంటలు. తొమ్మిది నెలలు, అంటే సుమారు 39 వారాలు. 234 గంటలు. చేట్టన్ లెక్కన గంటకి 40 అయితే 9,360 కిలోమీటర్లు. మీటరు మీద అప్పటికి 14,000 తిరిగింది. బావ నా మాట నమ్మి ఇంకా వెయ్యి ఉందనుకుంటున్నాడు. ఇంజను అప్పటికే 23,000 దాటేసింది.

అది కంచిలి దగ్గర హైవే మీద సిగ్నల్లో ఆగినప్పుడు మొదలైంది. ఆయిల్ లైటు మినుకు మినుకుమంది. బండి కదలగానే ఆరిపోయింది. బావ దాన్ని లైటు తప్పనుకున్నాడు. నాలుగోరోజు లోపల్నుంచి టకటకమని శబ్దం. పేషంటుని దింపేదాకా బండి లాక్కొచ్చాడు, అది ఆయన మంచితనం. దిగేసరికి క్రాంకు బేరింగులు అయిపోయాయి.

నేను సెలవు పెట్టి వచ్చాను. పలాస స్టేషన్‌లో దిగి ఇంటికి కూడా పోకుండా షెడ్డుకే వెళ్లాను. బేరింగు ముక్కలు చేతిలో పెట్టారు. పైనున్న బూడిదరంగు పొర పోయి కింద రాగి రంగు మెరుస్తోంది. సంపులో ఆరు లీటర్ల చిల్లర ఉండాల్సిన నూనె నాలుగు లీటర్లే ఉందట. తొమ్మిది నెలల్లో నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ ఒక్కసారీ తీయలేదు. ఎందుకు తీస్తాడు, మూత ముట్టుకోకు అన్నది నేనే కదా. ఎయిర్ ఫిల్టరు బయటికి తీస్తే కాగితం మడతల్లో వేలు దూరేంత చిరుగు. ప్రతి నెలా పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలి కొట్టించి మళ్లీ అదే పెట్టేవాడు.

ఆ చిరుగు చూస్తే నాకు గ్యారేజీలో ఒక పికప్ గుర్తొచ్చింది. ఎడారి సైటుకి తిరిగేది. మేము వాడిన ఆయిల్ చిన్న సీసాలో పట్టి ల్యాబుకి పంపేవాళ్లం. ఇనుము పెరిగితే లైనర్లు, అంటే పిస్టన్లు ఆడే గొట్టాలు, అరుగుతున్నాయని, రాగి, సీసం పెరిగితే బేరింగులని, సిలికాన్ పెరిగితే మన్ను దూరుతోందని అర్థం. ఆ పికప్‌లో సిలికాన్ ఎక్కువొచ్చింది, వెనకే ఇనుమూ పెరిగింది. ఆయిల్ మార్చినా తగ్గలేదు. చివరికి చూస్తే ఎయిర్ ఫిల్టరు డబ్బా క్లిప్పు ఒకటి విరిగింది. పది రూపాయల వస్తువు! బేరింగుకీ క్రాంకుకీ మధ్య నూనె పొర మందం కొన్ని మైక్రాన్లే. మన వెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. కంటికి కనపడని ఇసుక రేణువు ఆ సందులో చేరితే సింథటిక్ అయినా నెయ్యి అయినా ఆపలేదు. సింథటిక్ మీద ఎక్కువ రోజులు పోతామంటే ఫిల్టరు మీద ఇంకా ఎక్కువ కన్నుండాలి. నేను ఆ సగం చెప్పలేదు.

ఈ మధ్యలో ఇంకో చిన్న ముచ్చట. డబ్బాలో మిగిలిన సింథటిక్ పారబోయడం ఎందుకని మా తమ్ముడు మా బాబు బైకులో పోసేశాడు. బైకులో క్లచ్చి ప్లేట్లు అదే నూనెలో మునిగుంటాయి. కారు నూనెలో జారుడు మందులు కలిపి ఉంటే క్లచ్చి జారుతుంది. అందుకే బైకు డబ్బా మీద జాసో ఎంఏ అని, అంటే ఇలాంటి క్లచ్చికి పనికొస్తుందనే గుర్తు, చూసి కొనాలి. బాబు బజారు నుంచి వస్తుంటే బండి చిన్న మిట్ట ఎక్కలేక, "బండికి ముసలితనం వొచ్చీసింది" అని నడిపించుకుంటూ వచ్చాడు. అదీ నా ఖాతాలోనే రాసుకున్నాను.

ఇంజను పని ఖర్చు నేనే పెట్టుకున్నాను. రెండు నెలల జీతం దాటింది. బావ వద్దన్నాడు, నేను వినలేదు. మెకానిక్కుకి ఈసారి నేనే చెప్పాను, పుస్తకంలో ఉన్న 15డబ్ల్యూ-40, సింథటిక్ అక్కర్లేదు, మంచి మామూలు డీజిల్ ఆయిల్ చాలు, త్వరగా మార్చుకుందాం అని. ఆయన నన్ను చూసి, "అదే నానన్నాను గదేటి, ఫారిన్ ఆయిల్ మనకి పడదని" అన్నాడు. మళ్లీ ఊరుకున్నాను. నిజానికి సరైన గ్రేడు సింథటిక్ ఆ టర్బోకి మేలే చేసేది. సమయానికి మార్చిన మామూలు నూనెకీ సింథటిక్‌కీ అరుగుదలలో పెద్ద తేడా కనపడదు. తేడా వచ్చేది వేడిలో, టర్బో దగ్గర, గడువు పొడిగించినప్పుడు. అయితే గడువు పొడిగించే హక్కు ల్యాబు కాగితం చూశాక వస్తుంది, డబ్బా మీద బొమ్మ చూసి కాదు. ఇవన్నీ ఆ షెడ్డులో నిలబడి చెప్పే ముఖం నాకప్పుడు లేదు.

తిరిగి వెళ్లే ముందు రోజు అక్కని కూర్చోబెట్టి గంటల లెక్క చెప్పాను. అక్క ఏడో తరగతి దాకా చదివింది. నా గుణకారాలు మధ్యలోనే ఆపేసింది. "బండి ఊరికే తిరిగిన గంటలు రాసుకోవాల, అంతేగదేటి?" అని, గోడ మీద కేలండర్లో పాల లెక్క రాసే గడుల్లోనే ఆకుపచ్చ పెన్నుతో మొదలెట్టింది. పాలకి నీలం, బండికి ఆకుపచ్చ. ఆదివారం పొద్దున డిప్‌స్టిక్ చూశారంటే ఒక చుక్క.

నిన్న రాత్రి డ్యూటీ దిగి రూముకొచ్చేసరికి వాట్సాప్‌లో కేలండర్ ఫొటో వచ్చింది. ఆదివారాల్లో చుక్కలన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ రోజు గడిలో "పెళ్లికి ఎళ్నాం" అని రాసుంది. కింద మెసేజి: "తమ్ముడూ, అరవై గంటలయ్యాయి, మీటరు మూడు వేల ఎనిమిది వందలు. దీపావళికి ముందు మార్పించాలా, తరవాతా?"

ముందే మార్పించమని, ఫిల్టరు కూడా కొత్తది కొనమని రాశాను.

"గాలి కొట్టిస్తే అవదేటి?" అని వెంటనే వచ్చింది బావ నుంచి.