కాగితపు సేనకు కత్తి పట్టే యంత్రం

బల్లమీద ఆడే ఆటలకు కాగితంతో బొమ్మలు, ఇళ్లు, కోటలు కట్టుకునేవారు కటింగ్ మెషీన్ కొనే ముందు సాధారణంగా వేసుకునే లెక్క ఒకటే: కత్తెరతో గంట పట్టే పని దీనితో ఎంతసేపట్లో అవుతుంది? ఈ లెక్కలోనే తిరకాసు ఉంది. ఒక్క ఇల్లో, ఒక్క బురుజో కావాలంటే ఉక్కు స్కేలు, పదునైన కత్తి చేతబట్టిన వారే ముందుగా పని ముగిస్తారు. యంత్రం ఉన్నవారు అప్పటికింకా ఫైలు సరిచేసుకుంటూ, మూలల గుర్తులు సరిచూసుకుంటూ ఉంటారు. అదే ఒకే రకం అస్థిపంజరాలు నలభై కావలసి వచ్చినప్పుడో, కోటగోడకు ముప్ఫై సన్నటి బాణపు సందులు తొలవవలసి వచ్చినప్పుడో యంత్రానికి సాటి లేదు. పదో బొమ్మ దగ్గర మన చెయ్యి విసుగుతో వంకర పోతుంది, దానికి ఆ బాధ లేదు.

నేను చెబుతున్నది ప్రధానంగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి సాహసకథలా ఆడే ఆటల గురించి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల రూపకల్పనగా 1974లో వెలువడిన ఈ ఆటను గళ్ల పటం మీద ఆడేటప్పుడు అంగుళం గడి 5 అడుగుల నేలకు సమానం. మనిషంత పాత్రకు ఒక గడి చాలు. బొమ్మలు ఎక్కువగా 28 మిల్లీమీటర్ల కొలతలో ఉంటాయి. లోహపు బొమ్మలనూ ప్లాస్టిక్ బొమ్మలనూ మన దేశానికి తెప్పించుకోవడం ఖరీదైన వ్యవహారం, తెప్పించుకున్నాక వాటికి రంగులు వేసుకోవడం మరో పెద్ద పని. కాగితపు బొమ్మకు రంగులు ముద్రణలోనే వచ్చేస్తాయి. అమెరికాలో స్టీవ్ జాక్సన్ గేమ్స్ సంస్థ ‘కార్డ్‌బోర్డ్ హీరోస్’ పేరిట 1980ల తొలినాళ్లలోనే ఇలాంటి అట్టబొమ్మలను అచ్చువేసి అమ్మింది. ఇప్పుడు చిత్రకారులే పీడీఎఫ్ రూపంలో నేరుగా అమ్ముతున్నారు. ఒకసారి కొన్న పేజీని సొంత వాడకానికి ఎన్నిసార్లయినా ముద్రించుకోవచ్చు కాబట్టి, గాబ్లిన్ల (మరుగుజ్జు రాక్షసుల) గుంపు కావాలంటే అదే పేజీని నాలుగుసార్లు ప్రింటరుకు పంపితే సరిపోతుంది. కత్తిరించే పని మాత్రం నాలుగింతలవుతుంది. యంత్రం గురించి ఆలోచన మొదలయ్యేది అక్కడే.

ఇంటి వాడకానికి పనికొచ్చేవాటిలో సిల్హౌట్ వారి కామియో, పోర్ట్రెయిట్, క్రికట్ వారి ఎక్స్‌ప్లోర్, మేకర్, ఇంకా బ్రదర్ వారి యంత్రాలు పేరున్నవి. అన్నిటి పనితీరూ దాదాపు ఒకటే. జిగురు పూసిన ప్లాస్టిక్ మ్యాట్ మీద కాగితాన్ని అంటించి లోపలికి పంపితే రోలర్లు దాన్ని ముందుకూ వెనక్కూ నడుపుతాయి, బ్లేడు పట్టుకున్న భాగం అడ్డంగా అటూ ఇటూ తిరుగుతుంది. ఈ రెండు కదలికలూ కలిసి ఎంతటి వంపునైనా కోస్తాయి. మన ఊళ్లలో బండ్ల మీద అతికించే రేడియం స్టిక్కర్లు కోసే దుకాణాల్లో కనిపించే ప్లాటర్ కూడా ఈ జాతిదే, దీనికి పెద్దన్న.

ఏ యంత్రం కొనాలన్న ప్రశ్నకు నా సమాధానం బ్లేడు బలాన్ని బట్టి కాక సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది. ఆట బొమ్మలు చేసేవారు తయారుగా ఉన్న డిజైన్లు కొనడం తక్కువ, సొంత ఫైళ్లు ఎక్కించడం ఎక్కువ. 2021 మార్చిలో క్రికట్ సంస్థ, చందా కట్టనివారు నెలకు 20 సొంత డిజైన్లకు మించి ఎక్కించడానికి వీల్లేదని ప్రకటించి, వాడకందారుల ఆగ్రహం చూసి అదే నెలలో వెనక్కి తగ్గింది. వెనక్కి తగ్గినందుకు సంతోషమే కానీ, ఇంట్లో ఉన్న యంత్రం మీద ఇంకెవరో వేరే ఊరిలో కూర్చుని షరతు పెట్టగలరన్న సంగతి అందరికీ అర్థమైంది. సిల్హౌట్ యంత్రాలను నడిపే సిల్హౌట్ స్టూడియో సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. దాని ఉచిత రూపం, బొమ్మను గీతల రూపంలో దాచే ఎస్‌వీజీ ఫైళ్లను తెరవదు, ఆ సౌకర్యానికి డబ్బు కట్టాలి. కట్టదలచుకోనివారు ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసి, స్టూడియో తెరవగల డీఎక్స్‌ఎఫ్ రకం ఫైలుగా మార్చుకోవచ్చు, లేదా బొమ్మను తెరిచి దాని చుట్టుగీతను స్టూడియో చేతనే గీయించవచ్చు.

అసలు కష్టం కోతలో లేదు, ముద్రణకూ కోతకూ పొత్తు కుదర్చడంలో ఉంది. రంగుల బొమ్మను ముందు ప్రింటరు అచ్చువేస్తుంది. తరవాత ఆ కాగితం మీద ఆ బొమ్మ సరిగ్గా ఎక్కడుందో కటింగ్ మెషీన్‌కు తెలియాలి. ఇందుకోసం పేజీ మూలల్లో నల్లటి గుర్తులు ముద్రిస్తారు. సిల్హౌట్ పద్ధతిలో ఎడమవైపు పైమూల ఒక చిన్న నల్ల చదరం, మరి రెండు మూలల్లో కోణాకారపు గీతలు ఉంటాయి. యంత్రంలోని కాంతి సెన్సరు ఈ మూడింటినీ వెదికి, కాగితం ఏమాత్రం పక్కకు తిరిగి ఉన్నా, ముద్రణ కొలత కొంచెం మారి ఉన్నా లెక్కగట్టి కోతను అందుకు తగ్గట్టు జరుపుతుంది. అందువల్ల కాగితాన్ని మ్యాట్ మీద వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టాలని శ్రమపడనక్కరలేదు, కానీ ఆ గుర్తులను మాత్రం ప్రాణంలా చూసుకోవాలి. నిగనిగలాడే కాగితం మీద కాంతి చెదిరి సెన్సరు తికమక పడుతుంది. లేజర్ ప్రింటరు టోనరు మెరుపు కూడా కొన్నిసార్లు అదే పని చేస్తుంది. గుర్తుల మీద మెరుపు లేని పారదర్శకపు టేపు ముక్క అంటించడం దీనికి ఎందరో వాడే ఉపాయం. గది దీపం నేరుగా యంత్రం మీద పడకుండా చూసుకోవడం ఇంకో ఉపాయం.

మన దగ్గర దీనికి తోడయ్యే చిక్కు కాగితం కొలతది. ఈ ఫైళ్లలో చాలా భాగం అమెరికాలో తయారైనవి కాబట్టి లెటర్ కాగితానికి, అంటే 216 × 279 మిల్లీమీటర్లకు అమర్చి ఉంటాయి. మన ఏ4 కాగితం 210 × 297. వెడల్పులో 6 మిల్లీమీటర్లు తక్కువ కనుక, ప్రింటరు సెట్టింగుల్లో ‘ఫిట్ టు పేజ్’ అన్న మాట తనంతట తానే ఎంపికై కూర్చుంటుంది, పేజీ మొత్తం సుమారు 97 శాతానికి కుంచించుకుపోతుంది. అప్పుడు 25.4 మిల్లీమీటర్ల గడి 24.7 అవుతుంది. ఒక గడిలో ఇది కంటికి ఆనదు. ఎనిమిది గళ్ల నేలపలకను మరో చోట అచ్చువేసిన పలక పక్కన పెడితే దాదాపు 6 మిల్లీమీటర్ల ఎడం కనిపిస్తుంది. ఎప్పుడూ అసలు కొలతలోనే ముద్రించాలి. అంచున బొమ్మ తెగిపోయేటట్టుంటే ఆ భాగాన్ని వేరే పేజీకి జరపడం మేలు, మొత్తాన్ని కుదించడం కన్నా.

వానాకాలంలో మరో విషయం గమనించాలి. కాగితం గాలిలో తేమను పీల్చుకుని సాగుతుంది, లేజర్ ప్రింటరు వేడికి ఆ తేమ పోయి బిగుసుకుంటుంది. ముద్రించిన కాగితాలను వారం రోజులు బయట వదిలేసి తరవాత కోయడం కన్నా, ఇంకు ఆరగానే కోసేయడం నయం. అచ్చువేయని కార్డు కాగితాన్ని మూత బిగిసిన కవరులో దాచితే చాలు.

కాగితం మందం విషయంలో నా అభిరుచి స్థిరపడింది. ఇళ్లకు, గోడలకు 160 నుంచి 200 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో). నిలబడే బొమ్మలకు 200. అంతకన్నా మందమైతే మడత దగ్గర ముద్రణ పగిలి తెల్లగా బయటపడుతుంది. 200 జీఎస్‌ఎం కాగితం రమారమి పావు మిల్లీమీటరు మందం ఉంటుంది. సిల్హౌట్ వారి రాట్చెట్ బ్లేడు (తిప్పి లోతు మార్చుకునేది) మీద 1 నుంచి 10 వరకు ఉన్న అంకెల్లో ఒక్కొక్కటి 0.1 మిల్లీమీటరు లోతును సూచిస్తుంది కనుక, 3తో మొదలుపెట్టి పేజీ మూలన చిన్న చదరం కోసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. చదరం తేలిగ్గా ఊడి రావాలి, కింది మ్యాట్ మీద గాటు లోతుగా పడకూడదు. బ్లేడును మరీ బయటికి లాగి ఒక్క దెబ్బకు కోయించడం కన్నా తక్కువ లోతులో రెండుసార్లు నడిపించడం మంచిది.

బ్లేడు నడిచే తీరును అర్థం చేసుకుంటే సగం తప్పులు ముందే ఆగిపోతాయి. ఈ యంత్రాల్లోని మామూలు కాగితపు బ్లేడు మన చేతి కత్తిలా మూల దగ్గర ఆగి, పైకి లేచి, దిక్కు మార్చుకోదు. దాని మొన తిరుగుడు ఇరుసుకు కాస్త పక్కగా ఉంటుంది, కాబట్టి అది ఇరుసు వెంట ఈడ్చుకుంటూ పోయి, దిక్కు మారినప్పుడు కాగితం లోపలే తిరుగుతుంది. మెల్లని వంపుల్లో ఇది ఎంతో సొగసుగా సాగుతుంది. ఈటె మొన, కత్తి కొస, గబ్బిలం రెక్క అంచు వంటి సూదిమూలల దగ్గర మాత్రం ఆ తిరుగుడుకు కాగితపు పోగులు చిరిగి లేస్తాయి. బొమ్మ అసలు గీతను అంటిపెట్టుకుని కోయించకుండా చుట్టూ 2 మిల్లీమీటర్ల అంచు వదిలి, మూలలన్నీ కొద్దిగా గుండ్రంగా మలిచిన గీత ఇస్తే యంత్రం చక్కగా పాటిస్తుంది. ఆ అంచు నల్లగా ఉంటే ఇంకా మంచిది; కోత అర మిల్లీమీటరు తప్పినా చూపరికి తెలియదు. అంచు వదలకుండా బొమ్మ గీత మీదే కోస్తేనే నిపుణతని భావించే వారితో నేను ఏకీభవించను. మూడడుగుల దూరం నుంచి బల్లమీద చూసేటప్పుడు నల్ల అంచున్న బొమ్మే స్పష్టంగా కనిపిస్తుంది.

కోత వరుస కూడా ముఖ్యమే. లోపలి రంధ్రాలు ముందు, బయటి చుట్టుగీత చివర. బయటి గీత ముందు తెగితే ఆ ముక్క మ్యాట్ మీద కదిలిపోయి లోపలి కిటికీలన్నీ పక్కకు జరుగుతాయి.

మనిషి బొమ్మలకు ముందూ వెనుకా రెండు చిత్రాలుంటాయి. తల దగ్గర కలిసి, అద్దంలో నీడలా ఒకదానికొకటి ఎదురుగా ముద్రించిన ఈ రెంటినీ మడిచి అతికించాలి. కోసి అతికించాలా, అతికించి కోయాలా అన్నది పాత వాదం. ముందు కోస్తే బ్లేడుకు ఒక్క పొరే అడ్డు, కానీ మడత కొంచెం తప్పినా రెండు అంచులూ ఒకదాన్నొకటి దాటి కనిపిస్తాయి. ముందు అతికిస్తే అంచు ఒకే కోతలో ఏకంగా వస్తుంది, కానీ మందం అర మిల్లీమీటరవుతుంది, పైగా మూలల గుర్తులు ముందుభాగం మీదే పడేటట్టు పేజీని అమర్చుకోవాలి. మామూలు సైనికులకు నాది మొదటి పద్ధతి. రాక్షసులు, డ్రాగన్ల వంటి పెద్ద బొమ్మలకు రెండోది. అతికించడానికి నీళ్ల శాతం ఎక్కువున్న జిగురు వద్దు, కాగితం ఉబ్బుతుంది. ఫెవికాల్ అయితే పాత ఏటీఎం కార్డుతో పలుచగా పరిచి, బరువైన పుస్తకాల కింద ఉంచాలి.

ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి యంత్రం చేయలేనిది ఒకటి బయటపడుతుంది. మడతలు రెండు రకాలు: బయటికి గుట్టలా లేచేవి, లోపలికి లోయలా దిగేవి. మొదటిదానికి ముద్రించిన వైపు సన్నటి గాటు పడాలి, రెండోదానికి వెనుకవైపు. యంత్రం ఒకవైపు నుంచే పనిచేస్తుంది. మడతగీతను చుక్కలు చుక్కలుగా కోయిస్తే రెండు వైపులకూ వంగుతుంది కానీ, మడిచాక గోడమూల పొడుగునా తెల్లటి చుక్కలు పళ్లికిలిస్తాయి. అందువల్ల గోడల మడతలను నేను ఇప్పటికీ స్కేలు, మొద్దుబారిన గుండుసూది మొనలతోనే గీస్తాను. నిలువు గోడల చుట్టూ ఉండే తిన్నని కోతలూ అంతే. కిటికీ చువ్వలు, తలుపు కమానులు, విరిగిన గోడ పైఅంచు, అతుకుల రెక్కలు, వీటిని మాత్రం యంత్రానికే అప్పగిస్తాను. కాగితపు ఇళ్ల నమూనాలు అమ్మే డేవ్ గ్రాఫమ్ మోడల్స్ వారి ఫైళ్లలో రాయి, చెక్క, సున్నం అంటూ పొరలు మార్చుకునే వీలుంది. గోడ తీరు మారినా చుట్టుగీత మారదు కాబట్టి ఒకే కోత ఫైలుతో ఒక వీధిలోని ఇళ్లన్నీ వేరువేరుగా కనిపించేలా కోయించవచ్చు.

కొత్త మ్యాట్ జిగురు మరీ గట్టిది. కాటన్ చొక్కాకు రెండుసార్లు అద్ది వాడండి. ముక్కలు తీసేటప్పుడు కాగితాన్ని మ్యాట్ మీది నుంచి లాగకుండా, మ్యాట్‌ను బోర్లించి మ్యాట్‌నే వెనక్కి వంచితే ముక్కలు చుట్టుకుపోవు.

కోశాక అంచుల్లో కాగితం తెల్లదనం కనిపిస్తుంది, దాన్ని బూడిదరంగు లేదా నల్ల మార్కరుతో అద్దడం తప్పనిసరి. కాగితపు నమూనాకూ బల్లమీద నమ్మించే వస్తువుకూ తేడా ఎక్కువగా ఈ ఒక్క పని వల్లే వస్తుందని నా అభిప్రాయం. బొమ్మలు నిలబెట్టే పీటలకు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఇనుప వాషర్లు చవక, ఫ్యాను గాలికి బొమ్మ పడిపోకుండా బరువూ ఇస్తాయి.

యంత్రం కొనేంత అవసరం లేనివారికి వేరే దారి ఉంది. స్టిక్కర్లు ముద్రించి ఆకారం ప్రకారం కోసి ఇచ్చే డిజిటల్ ప్రింటింగ్ దుకాణాలు పట్టణాల్లో పెరిగాయి. రేడియం దుకాణాల పాత ప్లాటర్లలో చాలావాటికి ముద్రణ గుర్తులు చదివే సెన్సరు ఉండదు కాబట్టి ముందు ఆ సంగతి అడగాలి. సెన్సరు ఉన్నచోట ముద్రణ ఒక పొరగా, కోతగీత వేరే పొరగా ఉన్న ఫైలు ఇచ్చి, స్టిక్కరుకు కోసినట్టు పైపొర మాత్రమే తెగేలా కాకుండా కాగితం పూర్తిగా తెగాలని స్పష్టంగా చెప్పాలి. ముందు ఒక్క పేజీ కోయించి చూసుకున్నాకే మిగతావి ఇవ్వడం మంచిది.