మామయ్య ట్రంకుపెట్టెలో పీలే

గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి విశాఖపట్నం స్టేషన్ బయటికి వచ్చేసరికి మామయ్య స్కూటర్ పక్కన నిలబడి ఉన్నారు. డెబ్బై నాలుగేళ్ళు. పోర్టులో ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైంది. జనవరి చలికి చెవుల చుట్టూ మఫ్లరు కట్టుకున్నారు. కంచరపాలెంలోని పాత ఇంటిని అపార్ట్‌మెంటు కట్టడానికి ఇచ్చేస్తున్నారు. “నా ఫుట్‌బాల్ పెట్టె ఒకటుంది, వచ్చి చూసుకుని కావలసినవి తీసుకుపో” అని ఫోను చేస్తే బయలుదేరాను.

“ఇంటికి తర్వాత వెళ్దాం నాన్నా. మీ అత్తయ్య కవళ్ళు తెమ్మంది. పొద్దెక్కితే మంచివి దొరకవు” అంటూ బండిని చేపల రేవు వైపు తిప్పారు.

రేవులో అప్పటికే వేలం పాట జోరు మీద ఉంది. తడిసిన నేల మీద చేపల కుప్పలు, వాటి చుట్టూ బుట్టలతో ఆడవాళ్ళు, ఐసు గడ్డలు పగలగొడుతున్న చప్పుడు, డీజిలు వాసన. డాల్ఫిన్స్ నోస్ కొండ ఇంకా మసకగానే కనిపిస్తోంది. ఒక మరబోటు లోపలికి వస్తోంది. దాని వెనక తెల్లటి సముద్రపు పక్షులు, యాభై అరవై దాకా ఉంటాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎగురుతున్నాయి. బోటు మీది కుర్రాడు అమ్మడానికి పనికిరాని చిన్న చేపలను గుప్పిళ్ళతో నీళ్ళలోకి విసురుతున్నాడు. విసిరిన ప్రతిసారీ గుంపు మొత్తం ఒకే చోటికి దూకుతోంది.

నాకు వెంటనే ఎరిక్ కాంటోనా గుర్తొచ్చాడు. ఫ్రాన్స్ దేశస్థుడు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్ తారగా వెలిగినవాడు. 1995 జనవరిలో మైదానం విడిచి వెళుతూ, తనను దూషించిన ప్రేక్షకుడి మీదికి ఎగిరి కాలితో తన్నాడు. కోర్టు రెండు వారాల జైలు శిక్ష వేసింది. అప్పీలులో అది 120 గంటల సమాజ సేవగా మారింది. ఆ మార్చి 31న గదినిండా విలేకరులు కూర్చుని ఉంటే, పక్షులు పడవ వెంట పడుతున్నాయంటే సార్డీన్లను సముద్రంలోకి విసురుతారని వాటి ఆశ అని ఒక్క మాట చెప్పి లేచిపోయాడు. ఇదేం పిచ్చి మాట అని చాలామంది నవ్వుకున్నారు. సార్డీన్లంటే అత్తయ్య తెమ్మన్న ఈ కవళ్ళే. ఆ రేవులో నిలబడితే ఆ మాటలో పిచ్చితనం ఎక్కడా కనిపించలేదు.

మామయ్యకు చెప్పాను. ఆయన కాసేపు బోటు వైపే చూశారు. “మాట బాగుంది. మరి విసిరే చెయ్యి ఎవరిది? అది పడవ మీదే ఉంది కదా!” అన్నారు.

ఇంటికి వెళ్ళాక అత్తయ్య పెట్టిన కవళ్ళ పులుసు తిని పెట్టె తెరిచాం. ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప ట్రంకు. కలరా ఉండల వాసన. పత్రికల కత్తిరింపులను ఏడాదివారీగా పాత డైరీలలో అంటించి ఉంచారు. పెళ్ళి కాకముందు నుంచీ ఆయనకిదే వ్యసనం. “ఈనాడు పుట్టింది మన ఊళ్ళోనే. 1974 ఆగస్టు 10. క్రైఫ్ ప్రపంచ కప్ ఫైనల్లో ఓడి అప్పటికి నెల దాటింది. లేకపోతే ఆ కబుర్లూ తెలుగులో దాచుకునేవాణ్ణి” అన్నారు. ఆ ఏడు ఫైనల్‌కు ముందు జర్మనీ పత్రిక బిల్డ్, నెదర్లాండ్స్ ఆటగాళ్ళు హోటల్ ఈతకొలను దగ్గర అమ్మాయిలతో గడిపారంటూ వాళ్ళ కెప్టెన్ క్రైఫ్ పేరుతో శీర్షిక పెట్టింది. ఆటగాడి వ్యక్తిగత జీవితం ప్రపంచ కప్ వార్తల మధ్యకు అంత బాహాటంగా రావడం అప్పటివాళ్ళకు కొత్త.

అంతకుముందు పత్రికల్లో ఆరాధనే ఎక్కువ. బ్రెజిల్ ఆటగాడు పీలే వెయ్యో గోల్ సంగతి చెబుతున్నప్పుడు మామయ్య గొంతు మారిపోతుంది. 1969 నవంబర్ 19, మారకానా మైదానం, వాస్కో డ గామా జట్టు మీద పెనాల్టీ. బంతి వలలో పడగానే ఫొటోగ్రాఫర్లు, రేడియోవాళ్ళు గోల్‌లోకే పరుగెత్తి అతణ్ణి చుట్టుముట్టారు. అపోలో 12 చంద్రుడి మీద దిగింది కూడా ఆ రోజే. మర్నాడు బ్రెజిల్ పత్రికల మొదటి పేజీని పీలే, చంద్రుడు పంచుకున్నారు.

సాయంత్రం రామకృష్ణా బీచ్‌కు వెళ్ళాం. కురుసుర జలాంతర్గామికి కాస్త అవతల, ఇసుకలో చెప్పులు గోల్ స్తంభాలుగా పెట్టి మామయ్య మనవడు స్నేహితులతో ఆడుతున్నాడు. పదమూడేళ్ళవాడు. మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాం. వాడు గోల్ వేయగానే తోటివాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. నీళ్ళ సీసాకు ఆనించి పెట్టిన ఫోను దగ్గరికి పరుగెత్తి, దానిలోకి ముఖం పెట్టి అరిచాడు.

పొట్లం పట్టుకున్న నా చెయ్యి ఆగిపోయింది. 1994 ప్రపంచ కప్‌లో, జూన్ 21న గ్రీసు మీద గోల్ వేసిన అర్జెంటీనా తార మారడోనా సరిగ్గా ఇలాగే టీవీ కెమెరా మీదికి పరుగెత్తి, కళ్ళు పెద్దవి చేసి అరిచాడు. నేనప్పుడు విద్యార్థిని. ఆ ముఖం తెర నిండా చూసి సంతోషించాలో భయపడాలో తెలియలేదు. కొద్ది రోజులకే డోపింగ్ పరీక్షలో దొరికి ఇంటికి వెళ్ళిపోయాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో తన ఇంటి ముందు కాపు కాసిన విలేకరుల మీద ఎయిర్ రైఫిల్ పేల్చాడు. అది తప్పే, నేను సమర్థించను. కానీ గుమ్మం ముందు పగలూ రాత్రీ కెమెరాలు పెట్టుకుని బతికిన మనిషి అతను. 1986 ప్రపంచ కప్‌లో అతని పరుగుకు ఊగిపోయిన లోకమే అతని పతనాన్నీ అంతే ఆసక్తిగా చూసింది. అతని గురించి వచ్చిన ప్రతి ముక్కా చదివినవాణ్ణి, ఆ చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆట ముగించి వచ్చిన మనవడు పక్కన కూలబడ్డాడు. వాడికి క్రిస్టియానో రొనాల్డో దేవుడు. 2024 ఆగస్టులో యూట్యూబ్ ఛానల్ పెడితే గంటన్నరలో పది లక్షల మంది చేరారని లెక్క ఒప్పజెప్పాడు. “అదే రొనాల్డో 2016లో ఒక విలేకరి మైకు లాక్కుని చెరువులోకి విసిరేశాడు, తెలుసా?” అన్నాను. “ఇప్పుడు అతనికి ఆ మైకుతో పనేముంది మామయ్యా? ఏం చెప్పాలన్నా తనే చెప్పుకుంటాడు” అన్నాడు. నిజమే. ప్రపంచ కప్పు ఎత్తుకున్న ఫొటోను 2022లో మెస్సీ స్వయంగా పెట్టుకున్నాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో అంతవరకూ ఏ ఫొటోకూ రానన్ని లైకులు దానికి వచ్చాయి. 1998 ప్రపంచ కప్‌లో రెడ్ కార్డు చూసి మైదానం వీడిన ఇంగ్లండ్ ఆటగాడు బెక్‌హామ్‌కు ఇలాంటి దారి లేదు. ఒక పత్రిక అతని బొమ్మను బాణాల ఆటకు లక్ష్యంగా అచ్చువేస్తే మౌనంగా భరించాడు. “విసిరే చెయ్యి” అన్నారు మామయ్య, ఎవరి ముఖమూ చూడకుండా.

రాత్రి పెట్టె అడుగున ఒక కవరు దొరికింది. 1977 సెప్టెంబర్ 24, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో వచ్చిన పీలే కోల్‌కతా జట్టు మోహన్ బగాన్ మీద ఆడిన ఆట. మామయ్య అప్పుల మీద టికెట్టు కొని హౌరా రైలెక్కారు. అప్పట్లో మన స్టేషన్ పేరు వాల్తేరు. వానకు తడిసిన మైదానం, 2-2తో ముగిసిన ఆట. కత్తిరింపులో పీలే నడిచి వస్తున్నాడు, చుట్టూ కెమెరాలు, పోలీసు టోపీలు. కాగితం అంచున పెన్సిలుతో ఒక బాణం గుర్తు, ఫొటో నుంచి బయటికి చూపిస్తూ. దాని పక్కన మామయ్య గుండ్రటి అక్షరాలు: “హబీబ్ ఇటు.”

“పీలే ఆ రోజు గోల్ వేయలేదు. వేసినవాళ్ళలో మన హైదరాబాద్ హబీబ్ ఉన్నాడు. ఫొటోలో లేడు. మరిచిపోతానేమోనని రాసుకున్నాను” అన్నారు.

మహమ్మద్ హబీబ్. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టు సభ్యుడు, 1980లో అర్జున పురస్కారం అందుకున్నాడు. కోల్‌కతాలోని మూడు పెద్ద జట్లకూ ఆడి, అక్కడివాళ్ళతో బడే మియా అనిపించుకున్నాడు. జ్ఞాపకశక్తి పోయి, పార్కిన్సన్స్‌తో బాధపడి 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే చనిపోయాడు. ఇరవై ఏళ్ళుగా నేనున్న ఊరది. మారడోనా పోయినప్పుడు రాత్రంతా టీవీ ముందు కూర్చున్న నేను, హబీబ్ బతికుండగా ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేకపోయాను.

“ఆ గోల్ ఎలా పడింది తాతయ్యా?” అని మనవడు అడిగాడు.

మామయ్య లేచారు. కుర్చీ పక్కకు జరిపి, పంచె కాస్త పైకి దోపుకుని, మోకాళ్ళు పట్టేస్తున్నా గది మధ్యలో నిలబడ్డారు. తలుపు వైపు చూపిస్తూ “అదుగో, గోల్ అక్కడ” అన్నారు. మనవడు ఫోను తీసి ఆయన వైపు తిప్పాడు.

“ఉండు తాతయ్యా, వెలుతురు చాలడం లేదు. కొంచెం ఇటు జరిగి మొదటి నుంచి చెప్పు.”