టేకు పలకల అంచుకు గాడి: రౌటర్‌తో నా అనుభవం

ఐదు టేకు పలకలను అంచులు కలిపి అతికించి, 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల ఒక చదువుకునే బల్లకు పైభాగం తయారు చేయడం నేను తలపెట్టిన పని. కలపను రాజమహేంద్రవరంలో పాత కలప అమ్మే ఒక అడితిలో కొన్నాను. కూల్చిన పెంకుటింటి దూలాలను కోత మిల్లులో పలకలుగా కోయించి, చిత్రిక పట్టించగా ఒక్కొక్కటి 12 సెంటీమీటర్ల వెడల్పుతో, సుమారు 22 మిల్లీమీటర్ల మందంతో వచ్చింది. అయితే పలకకూ పలకకూ మందంలో అర మిల్లీమీటరు దాకా తేడా ఉండిపోయింది. ఆ తరువాత నేను తీసుకున్న నిర్ణయాలకు చాలావరకు ఆ తేడాయే కారణం.

అంచులు నిటారుగా, సమంగా ఉంటే టేకు పలకలు జిగురుతోనే గట్టిగా అతుకుతాయి కాబట్టి, ఇక్కడ గాడి బలం కోసం కాదు. జిగురు తడిగా ఉన్నప్పుడు క్లాంపులు (పలకలను నొక్కిపట్టే బిగింపులు) బిగిస్తే పలకలు ఒకదాని మీద ఒకటి జారి, అతుకు దగ్గర మెట్టు ఏర్పడుతుంది. ప్రతి అంచులోనూ రౌటర్‌తో, అంటే వేగంగా తిరిగే కట్టర్‌తో చెక్కను తొలిచే చేతి యంత్రంతో, ఒక గాడి కోసి, రెండు గాళ్లలో సగం సగం దిగేలా ప్లైవుడ్ బద్దను పెడితే ఆ జారుడు ఆగుతుంది. బద్దకు ప్లైవుడ్‌ను ఎంచుకోవడానికి కారణం దానిలోని పొరలు అడ్డంగా, నిలువుగా మార్చి అతికించి ఉండడం. పోగులన్నీ పొడవుగా పారే సన్నని కర్రబద్ద అతుకు వెంబడే చీలే అవకాశం ఉంది, ప్లైవుడ్ బద్దకు ఆ బలహీనత లేదు.

గాడి సరిగ్గా పలక మందానికి మధ్యలో రావాలని నేను మొదట అనుకున్నాను. మా వీధిలో ఉండే వడ్రంగి మేస్త్రిగారిని అడిగితే, "మధ్యలో రానక్కర్లేదండీ, అన్ని పలకలకూ పైమొహం నుంచి ఒకే దూరంలో వస్తే చాలు. ముందు మొహం గుర్తు పెట్టుకోండి, మిషను తరవాత ముట్టుకోండి" అన్నారు. ఈ పని మొత్తంలో అంతకన్నా విలువైన సలహా నాకు దొరకలేదు. కొందరు పలకను తిప్పి రెండు వైపుల నుంచీ కోసి గాడిని మధ్యకు తెస్తారు. మందాలు వేరువేరుగా ఉన్నప్పుడు అలా చేస్తే గాళ్ల వెడల్పు కూడా పలకకొక రకంగా వస్తుంది. అందుచేత ఐదు పలకలనూ వరసగా పేర్చి, బల్ల పైకి కనిపించవలసిన మొహాల మీద అన్నిటినీ కలుపుతూ పెన్సిల్‌తో ఒక పెద్ద త్రికోణం గీశాను. ఆ గీతలు ఉన్న వైపే రౌటర్ అడుగుపళ్లెం ఆనాలన్నది నియమంగా పెట్టుకున్నాను.

తిన్నని బిట్‌తో (రౌటర్‌కు బిగించే కోత పనిముట్టు) కోయాలంటే రౌటర్‌ను 22 మిల్లీమీటర్ల సన్నని అంచు మీద నిలబెట్టాలి, అది అటూ ఇటూ ఒరుగుతుంది. అందువల్ల అంచుకు పక్క నుంచి కోసే మూడు పళ్ల స్లాట్ కట్టర్‌ను వాడాను. దానితో పని చేసేటప్పుడు యంత్రం పలక వెడల్పు మీద నిలకడగా కూర్చుంటుంది. కట్టర్ వ్యాసం 48, దాని మీది బేరింగ్ (అంచుకు ఆని తిరిగే చిన్న చక్రం) వ్యాసం 28 మిల్లీమీటర్లు. బేరింగ్ అంచుకు తగిలే సరికి గాడి లోతు వ్యాసాల తేడాలో సగం, అంటే 10 మిల్లీమీటర్లు అవుతుంది. బద్దను 19 మిల్లీమీటర్ల వెడల్పుతో కోస్తే జిగురు నిలవడానికి కొంత ఖాళీ మిగులుతుంది.

గాడి వెడల్పు తేల్చడానికే నేను ఎక్కువ సమయం వెచ్చించాను. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అని కొన్నది వెర్నియర్‌తో కొలిస్తే 5.6 మిల్లీమీటర్లే ఉంది. 6 మిల్లీమీటర్ల గాడిలో ఆ బద్ద వదులుగా ఆడుతుంది, అప్పుడు గాడి ఉన్నా లేనట్లే. 4 మిల్లీమీటర్ల కట్టర్‌తో ఒకసారి కోసి, యంత్రం లోతును 1.6 మిల్లీమీటర్లు మార్చి, అదే మొహం మీద ఆనించి మళ్లీ కోస్తే కావలసిన వెడల్పు వస్తుంది. ముందుగా తుక్కు ముక్కల మీద సరిచూసుకుని, అన్ని అంచులకూ మొదటి కోత పూర్తయిన తరువాతే అమరిక మార్చాను. బద్ద చేతితో నెడితే దిగాలి గాని సుత్తితో కొట్టవలసి రాకూడదు, ఎందుకంటే జిగురులోని నీటికి ప్లైవుడ్ కొద్దిగా ఉబ్బుతుంది.

ఇంత వ్యాసం ఉన్న కట్టర్‌ను చిన్న ట్రిమ్ రౌటర్‌కు బిగించడం ప్రమాదం. నిమిషానికి 30,000 చుట్ల వేగంలో దాని పళ్లు సెకనుకు 75 మీటర్ల వేగం అందుకుంటాయి. నేను వేగం తగ్గించే వీలున్న పెద్ద రౌటర్‌ను తీసుకుని, 18,000 చుట్ల దగ్గర ఉంచాను. ప్లగ్గు తీసిన తరువాతే కట్టర్ కాడను కాలెట్‌లో (కాడను పట్టి ఉంచే రౌటర్ బిగింపు) పూర్తిగా దించి, రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి లాగి బిగించాను. అంచుకు ఎదురుగా నిలబడినప్పుడు రౌటర్‌ను ఎడమ నుంచి కుడికే నడపాలి. అప్పుడు కట్టర్ యంత్రాన్ని మనకు ఎడమ వైపుకు నెడుతుంటుంది, మనం దానికి ఎదురుగా కుడికి నెడుతుంటాం కాబట్టి పట్టు చేతిలోనే ఉంటుంది. కుడి నుంచి ఎడమకు నడిపితే పళ్లు చెక్కను పట్టుకుని యంత్రాన్ని ముందుకు లాక్కుపోతాయి.

బల్ల చివర బద్ద కొన కనిపించకూడదని గాడిని రెండు కొసలకూ ముందే ఆపాను. ఇక్కడ ఒక లెక్క ఉంది. 48 మిల్లీమీటర్ల కట్టర్ 10 మిల్లీమీటర్ల లోతుకు దిగినప్పుడు, దాని ఇరుసుకు ఇరుపక్కలా సుమారు 20 మిల్లీమీటర్ల మేర అంచును వంపుగా తొలుస్తుంది. ఇరుసును కొసకు 40 మిల్లీమీటర్ల దగ్గర ఆపితే, గాడి తోక కొసకు 20 మిల్లీమీటర్ల ఇవతలే ఆగుతుంది. అందుకు తగినట్లు బద్దలను 112 సెంటీమీటర్ల పొడవుతో కోశాను. అటూ ఇటూ చివరనున్న రెండు పలకల బయటి అంచులకు గాడి అక్కర్లేదని కూడా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి.

పాత టేకుతో పని చేసేవారు అంచుల వెంబడి గట్టి అయస్కాంతాన్ని నడిపి చూడడం తప్పనిసరి. దూలాలలో విరిగి ఉండిపోయిన మేకు కట్టర్ పంటికి తగిలితే ఏం జరుగుతుందో వివరించనక్కర్లేదు. టేకు పొడి చర్మాన్నీ ఊపిరితిత్తులనూ బాధిస్తుంది కాబట్టి మాస్కు, కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు లేకుండా నేను స్విచ్ వేయలేదు.

టేకులో సహజంగా ఉండే నూనెను తుడవకపోతే అది జిగురును సరిగా పట్టనివ్వదు. అతికించబోయే ముందు అంచులను అసిటోన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరగానే గాళ్లలోనూ అంచుల మీదా ఫెవికాల్ పూశాను. వేసవి ఎండకు జిగురు త్వరగా బిగుసుకుంటుంది గనుక ఉదయం పూటే పని పెట్టుకుని, క్లాంపులను ఒకటి పైన, ఒకటి కింద వచ్చేలా మార్చి మార్చి బిగించాను. మరునాడు విప్పి చూస్తే పైమొహం మీద అతుకులు వేలిగోటికి కూడా తగలలేదు, జిగురు గీకి ఉప్పుకాగితం పట్టడమే మిగిలింది. మందంలోని తేడా అంతా కింది వైపుకు చేరింది. అక్కడ కాళ్ల చట్రం ఆనే చోట్ల మాత్రం చిత్రిక పట్టి, మిగిలినదాన్ని అలాగే వదిలేశాను.