తండ్రి చింపింది బట్టలు, కొడుకు చింపింది గ్రంథం

బైబిల్లో యిర్మీయా 35వ అధ్యాయం, అదే రేకాబీయుల కథ, దగ్గర ఆగిపోకండి. ఆ ఊపులోనే 36 కూడా చదవండి. ఈ రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయో చాలా ఏళ్లు నాకు తట్టలేదు.

రేకాబీయుల సంగతి మనకు కొత్త కాదు. దేవుని మందిరంలో, హానాను కుమారుల గదిలో, సాక్షాత్తు ప్రవక్త యిర్మీయాయే వాళ్ల ముందు ద్రాక్షారసం పెట్టి తాగమన్నాడు. తాగితే తప్పుపట్టేవాడెవడు? వాళ్లు తాగలేదు. మా పితరుడు యోనాదాబు తాగొద్దన్నాడు, ఇళ్లు కట్టుకోక గుడారాల్లోనే బతకమన్నాడు అన్నారు. ఆ యోనాదాబు ఇశ్రాయేలు రాజు యెహూ చెయ్యందించి రథమెక్కించుకున్న మనిషి. అప్పటికి ఆ రథం కదిలి 200 ఏళ్లు దాటింది. మేమూ, మా భార్యలూ, మా కుమారులూ, మా కుమార్తెలూ అని చెప్పారు చూడండి, నేనెప్పుడూ అక్కడే ఆగిపోతాను. ఇంట్లో ఒక్కరిని కూడా మినహాయించుకోలేదు. మనలో ఎంతమందిమి అలా లెక్కపెట్టి చెప్పగలం?

ఇక 36కి రండి. శీతకాలపు నగరు, ఎదురుగా కుంపటి. యిర్మీయా పలికిన దేవుని మాటలు రాసిన గ్రంథాన్ని రాజసేవకుడు యెహూది చదువుతుంటే, మూడు నాలుగు పుటలు కాగానే యూదా రాజు యెహోయాకీము చాకుతో కోసి నిప్పుల్లో వేస్తున్నాడు. ఇతని తండ్రి యోషీయా! ధర్మశాస్త్రం చదివి వినిపిస్తే బట్టలు చింపుకున్న యోషీయా. హీబ్రూలో రెండు చోట్లా ఒకటే క్రియ. తండ్రి తనను చింపుకున్నాడు, కొడుకు వాక్యాన్ని చింపాడు.

ఒకసారి వయసులు లెక్క వేశాను. యోషీయా ఏలిన 31 ఏళ్లలో ఆ ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది 18వ ఏట. ఆయన చనిపోయాక మూడు నెలలకు యెహోయాకీము రాజైనప్పుడు అతనికి 25. అంటే నాన్న బట్టలు చింపుకున్న నాటికి ఆ పిల్లవాడికి దాదాపు 12 ఏళ్లు. ఆ తర్వాత యోషీయా చిన్నా పెద్దా అందరినీ మందిరానికి రప్పించి నిబంధన గ్రంథం చదివి వినిపించాడు. ఆ గుంపులో ఈ పిల్లవాడు ఎక్కడ నిలబడ్డాడో! చెవిన పడే ఉంటుంది. గుండెలోకి దిగలేదు.

యోషీయాను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అంత భక్తిపరుడి కడుపునే అలాంటివాడు పుట్టాడు. బిడ్డ తప్పిపోయిన తల్లీ, తండ్రీ, మిమ్మల్ని నిందించడానికి ఇది రాయడం లేదు, మీ కన్నీళ్లు దేవునికి తెలుసు. నా బాధంతా ప్రయత్నం కూడా చేయని మనమీదే. ఆదివారం పిల్లల్ని సండే స్కూల్లో దింపి, పోటీకి నాలుగు వచనాలు కంఠతా పట్టించి, మన పని అయిపోయిందనుకుంటున్నాం. యోనాదాబు మాట గుడారంలో బతికింది. పిల్లలు దాని కిందే పడుకున్నారు, దాని కిందే లేచారు. మనకెందుకు ఇల్లు లేదు నాన్నా అని ఏ పిల్లవాడు అడిగినా తండ్రి జవాబు చెప్పక తప్పలేదు. మన పిల్లలు అలా అడగడానికి మన బతుకులో ఏమైనా తేడా కనబడుతోందా?

నేనూ తప్పాను. పని అలసట అని ఒకప్పుడు మా ఇంట్లో సాయంకాల ప్రార్థన ఆపేశాను. ఒక రాత్రి మా అమ్మాయి బైబిలు తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. ఎర్ర రిబ్బను ద్వితీయోపదేశకాండంలోనే ఉంది. అది తీస్తే కాగితం మీద సన్నటి గాడి, పక్కన కాస్త ఎరుపు మరక. దాన్ని వేలితో తడుముతూ, "ఇక్కడే ఆపాం కదా నాన్నా?" అంది.

అవునన్నాను. నేను కళ్లజోడు వెతుక్కునేలోపే తను చదవడం మొదలుపెట్టింది.