తోటమాలి ముంచేశాడు: క్విజ్ డైరీ, 23వ వారం

412 పాయింట్లు. శనివారం ఫైనల్లో మొదటి స్థానానికీ నాకూ ఉన్న తేడా అంతే. 20 ప్రశ్నల్లో 17 ఒప్పు. మిగతా మూడింట్లో రెండు నాకు బొత్తిగా తెలియనివి, వాటికి బాధ లేదు. మూడోది మాత్రం తెలిసీ పోగొట్టుకున్నది. ధీమాగా, 2.4 సెకన్లలో, నవ్వుకుంటూ నొక్కి మరీ పోగొట్టుకున్నాను. మళ్ళీ అదే జంట. మాలి, గినియా జెండాలు.

ఈ డైరీ మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. 9వ వారంలో "ఈ జెండాల గొడవ తీరిపోయింది" అని రాసింది నేనే. 15లోనూ అదే రాశాను.

ముందు బాగున్నవి చెప్పేస్తాను. రాజధాని మారిన దేశాల రౌండు పదికి పది. కజకిస్తాన్ రాజధాని పేరు 2019లో నూర్‌సుల్తాన్ అయి 2022లో మళ్ళీ అస్తానా అయిందన్నది కూడా తప్పించుకోలేదు. మూలకాల సంకేతాలు కూడా అన్నీ వచ్చాయి.

ఇక అసలు సంగతి. 23 వారాల్లో ఈ జంట నాకు 14 సార్లు ఎదురైంది (మా క్విజ్ మాస్టర్ అక్కకి జెండాల పిచ్చి). 9 తప్పు, 5 ఒప్పు. ఆప్షన్లలో సెనెగల్, కామెరూన్ కూడా ఉంటాయి గానీ వాటిని తీసెయ్యడం తేలిక: సెనెగల్‌కి పసుపు చారలో ఆకుపచ్చ నక్షత్రం, కామెరూన్‌కి నడిమి చార ఎరుపు, అందులో పసుపు నక్షత్రం. మిగిలేది రెండే. అంటే రూపాయి బిళ్ళ ఎగరేసి నొక్కినా ఏడు దాకా వచ్చేవి. నేను కష్టపడి చదువుకుని అయిదు తెచ్చుకున్నాను.

తప్పుల పుస్తకంలో నేను మూడు రకాలుగా రాసుకుంటాను. "తె" అంటే తెలియదు, "తా" అంటే తారుమారు, "మా" అంటే మొదట సరిగ్గా అనుకుని మనసు మార్చుకున్నది. ఇప్పటికి మొత్తం 211 తప్పులు: తె 118, తా 71, మా 22. తెలియనివి వారం వారం తగ్గుతున్నాయి, తారుమారు మాత్రం కదలదు. అందులో కొట్టొచ్చినట్టు కనపడేది ఈ జెండాలే.

అసలు చిక్కేంటంటే, రెండింటికీ అవే మూడు నిలువు చారలు, అదే కొలత, 2:3. మాలికి ఎడమ నుంచి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. గినియాకి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఐర్లాండ్, ఐవరీ కోస్ట్ జంటలో అయితే ఐర్లాండ్ జెండా 1:2, పొడుగ్గా ఉంటుంది. రంగుల వరస మర్చిపోయినా ఆకారం చూసి గట్టెక్కొచ్చు. ఇక్కడ ఆ దారీ లేదు. గినియా 1958లో స్వాతంత్ర్యం రాగానే తన జెండా పెట్టుకుంది. మాలి జెండాలో మొదట పసుపు చార మధ్య నల్లటి మనిషి బొమ్మ ఒకటి ఉండేది, 1961 మార్చిలో తీసేశారు. ఆ ఒక్క బొమ్మ ఉంచి ఉంటే నాకు ఇప్పటికి ఎన్ని పాయింట్లు మిగిలేవో. రువాండా వాళ్ళకి కూడా గినియాతో ఇదే తంటా వచ్చింది. సరిగ్గా అవే రంగులు, అదే వరస. చివరికి పసుపు చార మీద పెద్ద నల్ల ఆర్ అక్షరం వేసుకుని 2001లో జెండా మార్చేదాకా దాంతోనే నెట్టుకొచ్చారు. ఒక దేశమే పేరులో మొదటి అక్షరం రాసుకోవలసి వచ్చిందంటే నా గతి వేరే చెప్పాలా.

మొదట్లో నేను వాడిన గుర్తు ట్రాఫిక్ సిగ్నల్. పై నుంచి కిందికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, కాబట్టి ఆ వరసలో ఉంటే గినియా. వినడానికి బాగుంది. కానీ గడియారం పరిగెడుతుంటే నా బుర్ర సిగ్నల్‌ని కింది నుంచి చదివేది. పచ్చ పడితేనే కదా బండి కదిలేది, మొదటిది పచ్చే అనిపించేది. తొమ్మిదింట్లో నాలుగు తప్పులు ఈ సిగ్నల్ పుణ్యమే.

15వ వారంలో తోటమాలి దొరికాడు. మాలి అంటే తోటమాలి, తోటమాలికి ముందు పచ్చదనం, అంటే ఎడమ చివర ఆకుపచ్చ. ఇంతకంటే మంచి గుర్తు ఉండదనుకున్నాను. గినియాకి గిన్నికోడి, కోడికి తల మీద ఎర్ర జుట్టు, కాబట్టి ముందు ఎరుపు. (గిన్నికోడికి తల మీద ఉండేది ఎముక బొడిపె, ఎర్ర జుట్టు కాదు. తెలుసు. గుర్తులకి జంతుశాస్త్రం అక్కర్లేదు.)

గుర్తు అంత బాగున్నాక కూడా 17, 20 వారాల్లో మళ్ళీ తప్పాను. అప్పుడు కూర్చుని నన్ను నేనే పరీక్ష పెట్టుకున్నాను. మొదటి అనుమానం ఫోన్ తెర మీద. జెండా బొమ్మ నా ఫోన్లో దాదాపు వేలిగోరంత కనపడుతుంది. పెద్ద తెర మీద పెట్టి చూశాను, తేడా ఏమీ లేదు. రెండో అనుమానం కళ్ళ మీద. ఎరుపు, ఆకుపచ్చ కలగలిసిపోయే వర్ణాంధత ఏమైనా ఉందేమోనని ఇషిహారా చుక్కల పలకలు చూసుకున్నాను. అంకెలన్నీ శుభ్రంగా కనపడ్డాయి. మూడోది, ఆప్షన్ల క్రమం: మాలి పైన ఉంటే ఒకలా, కింద ఉంటే ఇంకోలా నొక్కుతున్నానేమో. తప్పులు రెండు వైపులా సమంగానే ఉన్నాయి.

ఆ తర్వాత సమయం కొలిచాను. జెండా చూసి పేరు చెప్పాలి, రెండు సెకన్ల గడువు: 40కి 24. అయిదు సెకన్లు ఇస్తే 35. గడువు తీసేస్తే 40కి 40. ఇప్పుడు తిరగేసి, పేరు విని జెండా ఎంచుకోవాలి, గడువు రెండే సెకన్లు: 37. అక్కడ అర్థమైంది. తోటమాలి పేరు నుంచి జెండాకి పరిగెత్తగలడు, జెండా నుంచి పేరుకి మాత్రం కాళ్ళీడ్చుకుంటూ వస్తాడు. క్విజ్‌లో వచ్చేదేమో ఎప్పుడూ రెండోదే.

తప్పు కార్డులది కాదు, వాటిని తయారు చేసిన నాదే. ఆంకీలో (ప్రశ్న ఒకవైపు, జవాబు ఇంకోవైపు ఉండే కార్డులతో గుర్తుపెట్టించే యాప్) పేరు ముందు, జెండా వెనక పెట్టి అన్నీ ఒకవైపు కార్డులే చేశాను. ఆంకీ నాకు ప్రాణం, ఇంకోటి వాడమంటే వాడను. కానీ ఎనిమిది సార్లు మర్చిపోయిన కార్డుని అది జలగ అని ముద్ర వేసి చూపిస్తుంది, ఈ రెండు కార్డులకీ ఆ ముద్ర ఎప్పుడో పడింది. నేనే పట్టించుకోకుండా నొక్కుకుంటూ పోయాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక కార్డు సోమవారం, రెండోది గురువారం కనపడితే తేడా ఎప్పటికీ తెలియదు. ఇప్పుడు రెండు జెండాలూ పక్కపక్కన పెట్టి "గినియా ఏది?" అని అడిగే కార్డులు చేశాను. ఇతరులు చేసి పెట్టిన రెడీమేడ్ కట్టలు దించుకోవడం మాత్రం నాకు గిట్టదు. వాటిలో 200 జెండాలు వరసగా పోతుంటాయి గానీ కవలల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టవు. స్పోర్కిల్ లాంటి క్విజ్ సైట్లు జాబితాలకి బాగుంటాయి, గడువులోగా దేశాలన్నీ టైపు చెయ్యడం సరదాయే. అయితే దాంతో వేళ్ళకి వచ్చినంత అభ్యాసం కళ్ళకి రాదు.

కొత్త కార్డులతో మూడు వారాలు రుద్దాక రెండు సెకన్ల గడువులో 40కి 38 వచ్చాయి. ఆ ధీమాతోనే శనివారం కూర్చున్నాను.

16వ ప్రశ్న. అప్పటికి నేను రెండో స్థానం. తెర మీద ఈసారి గీసిన బొమ్మ కాదు, నిజం ఫోటో వచ్చింది. ఆకాశం, గాలికి ముడుచుకున్న జెండా. ఎడమ చివర ఆకుపచ్చ, తర్వాత పసుపు, కుడి చివర ఎరుపు. తోటమాలి! రెండు సెకన్లు దాటీ దాటకముందే మాలి నొక్కేశాను. తెర ఎర్రబడింది. జవాబు గినియా.

వాయిస్ చానల్లో నేను గట్టిగానే అరిచాను. "అక్కా, ఇది అన్యాయం, ఎడమ పక్క పచ్చ ఉంది కదా!"

"ఫోటో మళ్ళీ పెడుతున్నా, కర్ర ఎక్కడుందో చూడు తమ్ముడూ" అంది.

చూశాను. కుడి అంచున, సన్నగా, బూడిద రంగులో, ఆకాశంలో దాదాపు కలిసిపోయి ఒక గీత. పెద్దది చేసి చూస్తే తాడు కూడా కనపడింది. ఎర్ర చార ఆ కర్రకి ఆనుకుని ఉంది. అంటే ఫోటో తీసినవాడు జెండా వెనక నిలబడ్డాడు. వెనక నుంచి చూస్తే గినియా అచ్చం మాలి, మాలి అచ్చం గినియా. 23 వారాలుగా "ఎడమ చివర" అని నేర్చుకున్నాను, నేర్చుకోవలసింది "కర్ర పక్కన" అని. గీసిన బొమ్మల్లో కర్ర ఎడమనే ఉన్నట్టు లెక్క కాబట్టి రెండూ ఒకటే అయిపోయి ఇన్నాళ్ళూ బయటపడలేదు.

అక్కతో వాదన ఓ పది నిమిషాలు నడిచింది. గుంపులో సగం మంది నా వైపు, ఫోటోలు పెట్టడం మోసం అన్నారు. నేనే వెనక్కి తగ్గాను. కర్ర కనపడుతోంది, ప్రశ్న సరైనదే. పైగా బాగుంది కూడా, కుళ్ళుకునేంత బాగుంది.

ఇక్కడే పాయింట్ల లెక్క కూడా కళ్ళు తెరిపించింది. మేం ఆడేది కహూట్ అనే ఆన్‌లైన్ క్విజ్. 20 సెకన్ల ప్రశ్నకి 1000 పాయింట్లు, ఆలస్యమయ్యే కొద్దీ తగ్గుతూ చివరి క్షణంలో నొక్కినా సగం దక్కుతాయి. అంటే 2 సెకన్లకి 950, 8 సెకన్లకి 800, 10 సెకన్లకి 750. ఎనిమిది సెకన్లు తీరిగ్గా చూస్తే పోయేది 150 మాత్రమే. ఇద్దరిలో ఒకర్ని గుడ్డిగా రెండు సెకన్లలో కొడితే సగటున దక్కేది 475. నేను పోయింది 412తో. పది సెకన్లు నీళ్ళు తాగుతూ ఫోటో చూసి ఉన్నా గెలిచేవాణ్ణి! వేగం వేగం అని ఇన్నాళ్ళూ అనుభవం లేనివాళ్ళకి నేనే చెబుతూ వచ్చాను. ఆ సలహా ఈ రకం ప్రశ్నలకి వెనక్కి తీసుకుంటున్నాను. బజర్ క్విజ్‌లో సంగతి వేరు, అక్కడ మొదట నొక్కినవాడిదే రాజ్యం.

ఆదివారం నుంచి కార్డులన్నీ తిరగరాస్తున్నాను. ప్రశ్న ఇప్పుడు "ఏ దేశం?" కాదు, ముందు "కర్ర ఎక్కడ?", తర్వాత "కర్రకి ఆనుకున్న రంగేది?" ఎరుపైతే గిన్నికోడి, ఆకుపచ్చయితే తోటమాలి. ప్రతి జెండాకీ నాలుగు బొమ్మలు: కర్ర ఎడమన, కర్ర కుడిన, గాలికి ముడుచుకున్నది, నిలువుగా వేలాడదీసింది. ఈ నాలుగోది పెట్టాక ఇంకో గొయ్యి కనపడింది. గినియా జెండాని కర్ర వైపు అంచు పైకి వచ్చేలా వేలాడదీస్తే ఎరుపు పైన, పసుపు మధ్య, ఆకుపచ్చ కింద. అది కాస్తా బొలీవియా అయి కూర్చుంటుంది. అక్కకి ఈ సంగతి చెప్పలేదు, చెబితే వచ్చే వారమే అడుగుతుంది.

మంగళవారం లెక్క: కర్ర పద్ధతిలో, అయిదు సెకన్ల గడువుతో, నాలుగు రకాలూ కలిపి 40కి 31. రెండు సెకన్ల గడువు ఇంకా పెట్టుకోలేదు, ధైర్యం చాలలేదు. తప్పిన తొమ్మిదింట్లో ఏడు ముడుచుకున్న బొమ్మలే, కర్ర వెతకడంలోనే సమయం అయిపోతోంది.

చాద్, రొమేనియా జంటని మాత్రం వదిలేశాను. నీలం, పసుపు, ఎరుపు, రెండింటికీ ఒకే వరస, ఒకే కొలత. 1989 విప్లవంలో రొమేనియా వాళ్ళు మధ్యలో ఉన్న చిహ్నాన్ని కోసి పారేశాక మిగిలింది నీలం రంగు చాయలో తేడా ఒక్కటే, అది నా తెర వెలుతురుని బట్టి మారిపోతుంది. ఆ రెండూ ఒకే ప్రశ్నలో ఆప్షన్లుగా వస్తే మూడు సెకన్లలో ఏదో ఒకటి కొట్టి ముందుకు పోవడమే.

వచ్చే నెల ఒక రౌండు నన్ను నడపమన్నారు, 15 ప్రశ్నలు. లర్నెడ్‌లీగ్ అనే ఆన్‌లైన్ క్విజ్ పోటీ తరహా పెడదామని ఉంది: అక్కడ ఆరు ప్రశ్నలకి 0, 1, 1, 2, 2, 3 పాయింట్లని ఎదుటివాడి బలహీనత చూసి నువ్వే పంచిపెట్టాలి. నా ప్రత్యర్థులందరూ నాకు జెండాల మీద 3 పెడతారని ముందే తెలుసు. అందుకే ముందు నేను నడుపుతున్నాను, ఆడేది తర్వాత చూద్దాం. ఒక ప్రశ్న మాత్రం ఖాయం చేసుకున్నాను: పరాగ్వే జెండా వెనక వైపు ఫోటో. దానికి రెండు వైపులా వేర్వేరు చిహ్నాలు ఉంటాయి, అక్క ఏమంటుందో వినాలి.

అంతకంటే ముందు గినియా బిసావు, బెనిన్ సంగతి చూడాలి. కర్ర పక్కన నిలువు చార, ఆ పక్కన పైన పసుపు రెండింటికీ ఉమ్మడి. నిలువు చార ఎరుపై, అందులో నల్ల నక్షత్రం ఉంటే గినియా బిసావు, ఆకుపచ్చయితే బెనిన్. 24 కార్డులు కావాలి, ఇప్పటికి 9 అయ్యాయి, వెనక నుంచి తీసిన బెనిన్ ఫోటో ఇంకా దొరకలేదు.