పదమూడో రౌండు వెనక మనుషులు

ఆదివారం, సాయంత్రం.

పొద్దున్నుంచి ముసురు. బట్టలు ఆరలేదు, బయటికి వెళ్లే పనీ పడలేదు. బాక్సర్ జేక్ లమోటా జీవితం మీద మార్టిన్ స్కోర్సెసి తీసిన 'రేజింగ్ బుల్' మళ్లీ పెట్టాను. సినిమా మొత్తం కాదు, చివర్లో వచ్చే రాబిన్సన్ ఫైటు ఒక్కటే, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ. ఈ సినిమా పేరెత్తగానే అందరూ లమోటాగా వేసిన రాబర్ట్ డి నీరో పెంచిన ఒళ్లు గురించే మాట్లాడతారు. అది మామూలు కష్టం కాదు, నిజమే. కానీ రింగులో పడే ఒక్కో గుద్దు వెనక ఐదారుగురి పని ఉంది. వాళ్ల సంగతి ఇవాళ రాసిపెట్టుకుంటాను.

ముందు అసలు జరిగింది. 1951 ఫిబ్రవరి 14, చికాగో స్టేడియం. మిడిల్‌వెయిట్ టైటిల్ కోసం జేక్ లమోటా, షుగర్ రే రాబిన్సన్ ఆరోసారి తలపడ్డారు. పదిహేను రౌండ్ల పోటీని రిఫరీ పదమూడో రౌండులో ఆపేశాడు. అప్పటికి లమోటా ముఖం గుర్తుపట్టేలా లేదు, అయినా కింద పడలేదు. ఆరు పోటీల్లో ఆయన గెలిచింది ఒక్కటే, 1943 ఫిబ్రవరి 5న, డెట్రాయిట్‌లో. మూడు వారాలు తిరక్కుండానే అదే ఊళ్లో రాబిన్సన్ బాకీ తీర్చేసుకున్నాడు. సినిమాలో రాబిన్సన్‌గా వేసింది జానీ బార్న్స్. మాటలు దాదాపు లేని పాత్ర, పనంతా భుజాలతోనే. ఆ భుజాలు వదులుగా లేకపోతే రాబిన్సన్ అంటే ఎవరూ నమ్మరు.

మన దగ్గర ఫైట్ మాస్టర్ చేసే పని ఇక్కడ జిమ్మీ నికర్సన్ చేశాడు. బాక్సింగ్ సలహాలు ఆల్ సిల్వానీవి. నిజం బాక్సర్ల కార్నర్‌లో, అంటే రౌండ్ల మధ్య వాళ్లను చూసుకునే రింగు మూలలో, ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషి ఆయన. డి నీరోకు ఒంగి నిలబడటం, గడ్డం దాచుకోవడం, దెబ్బ తింటూనే లోపలికి చొచ్చుకుపోవడం నేర్పింది మాత్రం లమోటానే. ఇద్దరూ కలిసి దాదాపు వెయ్యి రౌండ్లు చేశారని లమోటా లెక్క.

తెర మీద గుద్దుకు ఒక లెక్క ఉంది. పిడికిలి, ముఖం, లెన్సు మూడూ ఒకే గీత మీదకు రావాలి. అప్పుడు పిడికిలి ముఖానికి జానెడు ఎడంగా పోయినా తగిలినట్టే ఉంటుంది. కెమెరా ఇద్దరికీ అడ్డంగా జరిగిందంటే ఆ ఖాళీ బయటపడిపోతుంది. మిగతా సగం దెబ్బ తినేవాడి చేతిలో ఉంది. తల ఒక్క ఫ్రేము ముందు తిరిగినా, రెండు మూడు ఫ్రేములు ఆలస్యమైనా చూసేవాడి కన్ను పట్టేస్తుంది. మామూలుగా దీన్ని తప్పించుకోవడానికి తాళ్ల బయట మూడు నాలుగు కెమెరాలు పెట్టి, బాగా వచ్చిన ముక్కలు ఏరుకుంటారు. మార్టిన్ స్కోర్సెసి అలా చేయలేదు. ప్రేక్షకుడి సీటు వైపు నుంచి చూడనని ముందే తేల్చుకుని, కెమెరాను రింగులోకి దించాడు. ప్రతి గుద్దుకూ బొమ్మ గీసుకున్నాడు. నాట్యం తీసినట్టు, ఇన్ని అడుగులకు ఒక షాటు అని లెక్క కట్టాడు. కెమెరా లోపలుంటే అది మూడో బాక్సరే. దాని అడుగులు కూడా రిహార్సల్ చేయాలి, లేకపోతే మోచెయ్యి లెన్సుకు తగులుతుంది. ఫైట్లకు అనుకున్న ఐదు వారాలు పదయ్యాయంటే అందుకే.

కెమెరా మైకేల్ చాప్‌మన్‌ది. ఈసారి నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఆయన పని. ఫైటుకో రకం రింగు కట్టించారు. అసలు రింగు తాళ్ల లోపల 16 నుంచి 24 అడుగులు ఉంటుంది. ఇక్కడ ఒకచోట అది మైదానంలా సాగుతుంది, ఇంకోచోట ఇరుకు గదిలా మూసుకుపోతుంది. ఒక రాబిన్సన్ ఫైటులో లెన్సు ముందు మంట పెట్టి తీశారు. వేడికి గాలి అలలు తేలి, మనుషులు ఎండమావిలో కొట్టుకుంటున్నట్టు ఉంటారు. మామూలు వేగంలో నడుస్తున్న షాటు మధ్యలో ఎక్కడా కట్ లేకుండా హైస్పీడ్‌లోకి (తెర మీద అది స్లో మోషన్‌గా కనబడుతుంది) జారి, మళ్లీ మామూలుకు వచ్చే చోట్లు కూడా ఉన్నాయి. అది కెమెరాలోనే చేసిన పని. కెమెరా వేగాన్ని సెకనుకు 24 ఫ్రేముల నుంచి 48కి పెంచితే ఒక్కో ఫ్రేముకు అందే వెలుగు సగమైపోతుంది. కాబట్టి వేగం పెరుగుతున్న కొద్దీ లెన్సులో వెలుగు వచ్చే కంతను, అంటే ఎపర్చర్‌ను, ఒక స్టాప్ (రెట్టింపు వెలుగు వచ్చేంత) తెరుస్తూ పోవాలి, దిగేటప్పుడు మూస్తూ రావాలి. అసిస్టెంట్ చెయ్యి ఒక క్షణం వెనకబడితే బొమ్మ మసకేసి మళ్లీ తెల్లబడుతుంది, ఆ టేకు చెత్తబుట్టకే. పైగా 1000 అడుగుల రీలు 24 ఫ్రేముల్లో 11 నిమిషాలు వస్తే, 48లో ఐదున్నరే.

నలుపు తెలుపులో ఎందుకు తీశారన్నదానికి ఒక మంచి కారణం ఉంది. డి నీరో సాధన చేస్తున్నప్పుడు తీసిన కలర్ టెస్టులు చూసి, ఆ గ్లవ్స్ ఎరుపు కుదరలేదని బ్రిటిష్ దర్శకుడు మైకేల్ పావెల్ అన్నాడు. స్కోర్సెసికి అది పట్టుకుంది. ఆ బాక్సింగులను జనం చూసిందే నలుపు తెలుపు ఫొటోల్లో, న్యూస్‌రీళ్లలో. ఆ రోజుల్లో కలర్ ప్రింట్లు వెలిసిపోతున్నాయన్న బాధ కూడా ఆయనకు ఉండేది. కథలో రంగు ఉంచింది ఇంటి సినిమా ముక్కల్లో మాత్రమే, అదీ గీతలు పెట్టి, వెలిసినట్టు చేసి.

నలుపు తెలుపులో నెత్తురుతో ఒక ఇబ్బంది ఉంది. ఎర్ర రంగు నీళ్లు తెర మీద పలచటి బూడిద రంగులో కనబడి చెమటలో కలిసిపోతాయి. చాక్లెట్ సిరప్ లాంటి చిక్కటి ముదురు ద్రవమైతే మరకలా నిలబడుతుంది, జారేటప్పుడు దారి కూడా కనబడుతుంది. మేకప్ మైకేల్ వెస్ట్‌మోర్‌ది. విరిగి విరిగి వంకరపోయిన లమోటా ముక్కుకు వేర్వేరు దశల్లో వేర్వేరు అతుకులు చేశాడు. చివరి ఫైటులో కనుబొమ మీది గాయం కింద సన్నటి గొట్టం దాచారు. గుద్దు పడిన క్షణంలోనే నెత్తురు చిమ్మాలి, కాబట్టి దాన్ని నొక్కే మనిషి కూడా బాక్సర్ల అడుగుల లెక్క నేర్చుకోవాల్సిందే.

కథ దగ్గర ఒక్క మాట. లమోటా ఆత్మకథ పట్టుకొచ్చి ఏళ్ల తరబడి స్కోర్సెసి వెంటపడింది డి నీరోనే. మొదటి స్క్రిప్టు మార్డిక్ మార్టిన్ రాశాడు. పుస్తకంలో స్నేహితుడు పీటర్ చేసిన పనుల్ని తమ్ముడు జోయీలో కలిపి, ఇద్దరు అన్నదమ్ముల కథగా మలిచింది పాల్ ష్రేడర్. ఆ ఒక్క మార్పు వల్లే జో పెషికి అంత పాత్ర దక్కింది. పెషి అప్పటికి సినిమాలు వదిలేసి బ్రాంక్స్‌లో రెస్టారెంటు చూసుకుంటున్నాడు. 1976లో చేసిన ఓ చిన్న సినిమా డి నీరో కంటపడి వెనక్కి పిలిపించారు. లమోటా భార్య విక్కీ పాత్రకు క్యాథీ మొరియార్టిని చూపించింది పెషినే. అంతకుముందు కెమెరా ముఖం చూడని పద్దెనిమిదేళ్ల అమ్మాయి. సాల్వీగా వేసిన ఫ్రాంక్ విన్సెంట్ కూడా పెషి పాత నేస్తమే. ఆ ఇద్దరూ తిట్టుకుంటుంటే నటన అనిపించదు.

ఒళ్లు సంగతి కూడా రాయాలి కదా. ఫైట్లు ముందు తీసేసి, షూటింగ్ నాలుగు నెలలు ఆపారు. డి నీరో సుమారు 60 పౌండ్లు, అంటే 27 కిలోలు పెరిగి వచ్చాడు. దాని దెబ్బ కాల్‌షీట్ మీద పడింది. ఊపిరి ఆడటం కష్టమై ఆయన టేకు మీద టేకు చేయలేకపోయాడు, మూడు నాలుగింటితో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. లావు లమోటా ఆయాసం డబ్బింగులో పెట్టింది కాదు.

ఎడిటింగ్ థెల్మా షూన్‌మేకర్. స్కోర్సెసి తొలి సినిమాకు పనిచేశాక, యూనియన్ సభ్యత్వం లేక పెద్ద సినిమాలకు ఏళ్లపాటు దూరమైపోయిన మనిషి. న్యూయార్క్‌లో స్కోర్సెసి అపార్ట్‌మెంట్‌లోనే రాత్రిళ్లు కూర్చుని కోశారు. పదమూడో రౌండు కోసం హిచ్‌కాక్ 'సైకో'లో స్నానాల గది సన్నివేశపు షాట్ల వరసను స్కోర్సెసి ముందు పెట్టుకున్నాడు. ఒక్కో ముక్క ఫ్రేముల లెక్కన ఉంటుంది. ఇవాళ ఆపి చూస్తే తెలిసింది, చాలా చోట్ల గుద్దు తగిలే ఫ్రేము అసలు లేనే లేదు. చెయ్యి బయల్దేరుతుంది, మధ్యలో ఫ్లాష్‌బల్బు తెలుపు, వెంటనే తిరిగిన ముఖం. ఆ తెలుపే రెండు ముక్కల అతుకును దాచేస్తుంది. ఎనిమిది నామినేషన్లలో సినిమాకు వచ్చిన ఆస్కార్లు రెండే, ఒకటి డి నీరోకు, ఒకటి ఆవిడకు. ఫైట్ల ఊహ స్కోర్సెసిది కాబట్టి అవార్డు సగం ఆయనదేనని ఆవిడ చెబుతూ ఉంటుంది. సగం ఇచ్చేయనక్కర్లేదని నా అభిప్రాయం. బొమ్మలు గీయడం వేరు, ఏ ఫ్రేము దగ్గర తెంచాలో కనిపెట్టడం వేరు.

ఇక చప్పుడు. ఫ్రాంక్ వార్నర్ గుద్దుల కోసం పుచ్చకాయలు, టమాటాలు చితక్కొట్టి రికార్డు చేశాడు. ఫ్లాష్‌బల్బులకు తుపాకీ చప్పుళ్లు వాడాడు. ఏ శబ్దం దేంతో చేశాడో స్కోర్సెసికే పూర్తిగా చెప్పలేదు. పని అయ్యాక ఆ టేపులు ఇంకో సినిమాలోకి పోకూడదని తగలబెట్టేశాడు. మిక్సింగ్‌కు అనుకున్నదానికి రెట్టింపు సమయం పట్టింది.

కళ్లు మూసుకుని కూడా ఒకసారి విన్నాను. రాబిన్సన్ చివరి వరసకు చెయ్యెత్తే ముందు జనం గోల మొత్తం తెగిపోతుంది. ఊపిరి ఒక్కటే ఉంటుంది. వెలుగూ తగ్గుతుంది. కెమెరా ఒక వైపు జరుగుతుంటే లెన్సు జూమ్ ఎదురు వైపు లాగుతుంది, రాబిన్సన్ ఉన్నచోటే ఉండి వెనక హాలు మాత్రం మారిపోతుంది. తర్వాత ఒక్కసారిగా మోత. పోటీ ముగిశాక కెమెరా మనుషుల్ని వదిలేసి తాడు వెంబడి వెళ్లి ఆగుతుంది. తాడు నుంచి చుక్క కారుతుంది. వెనక ఎక్కడో అనౌన్సరు గొంతు.

వాన ఇంకా పడుతూనే ఉంది. రేపు రాత్రి డెట్రాయిట్ ఫైట్లు రెండూ వరసగా వేసి, రింగు ఎక్కడ పెద్దదయిందో, ఎక్కడ తగ్గిందో తాళ్లు చూసి రాసుకోవాలి.